పెరటి చెట్టు నీడలో పెరుగు నాటు మొక్కలు

పిల్లల చదువుల కొరకు మనలో పలువురు గుంటూరు, వరంగల్లు, రాజమహేంద్రవరము వంటి పట్టణములలో చిన్న ఇల్లు కట్టుకొనుచున్నారు. పెరటిలో ఒక మామిడియో, వేపయో ఉండును. వేసవిలో ఇంటిల్లిపాదికి ఆ నీడయే ఆధారము. కాని దాని క్రింద నేల మాత్రము బోసిగా ఉండును. కొందరు నర్సరీనుండి పచ్చికను, రంగు ఆకుల మొక్కలను తెచ్చి నాటి, దినదినము నీరు పోసి, ఒక వేసవితో విసిగిపోవుదురు. పిదప నేలకు సిమెంటు చేయింతురు. లేదా చెట్టునే కొట్టింతురు. మెట్ట చేలో వరి నాటి, పండలేదని నేలను నిందించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఎండను కోరు మొక్కను నీడలో నాటుట మన పొరపాటు. అడవిలో పెద్ద చెట్ల క్రిందనే పుట్టి పెరుగు మొక్కలు మనకు కలవు. వానిని నాటినచో మొదటి ఏడాది శ్రద్ధ చాలును.

నీడను గుర్తించుట

ఉదయము 9 గంటలకు, మధ్యాహ్నము 12 గంటలకు, సాయంత్రము 3 గంటలకు చెట్టు క్రింద నిలిచి నేలను చూడవలెను. రూపాయి బిళ్ళలవలె ఎండ పొడలు పడుచున్నచో అది పలుచని నీడ. వేప క్రింద సాధారణముగా ఇట్లుండును. ఎండ పొడ కానరానిచో అది చిక్కని నీడ. ముదురు మామిడి మొదట ఇట్లుండును. మొక్కల ఎంపిక అంతయు ఈ భేదముపై ఆధారపడియున్నది.

నేల తయారీ

చెట్టు క్రింద నాగలి, గడ్డపార పనికిరావు. ఆహారము తీసికొను సన్నని వేళ్ళు పైపొరలోనే హెచ్చుగా ఉండును. వానిని తెగగొట్టినచో చెట్టు నీరసించును. పెద్ద వేళ్ళ నడుమ చోటు చూచి, మొక్కకు సరిపడు చిన్న గుంట మాత్రము తీసి, బాగుగా చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు కలిపి నాటవలెను. మొదటిచుట్టు మట్టి పోగుచేయరాదు.

రాలిన ఆకును ఊడ్చి తగులబెట్టరాదు. దానిని 3 అంగుళముల మందమున పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును, చివికి ఎరువగును. మానుకు తగులకుండ జానెడు దూరము విడువవలెను. లేనిచో చెదలు పట్టుటకు అవకాశము కలదు.

ఏ మొక్కలు నాటవలెను?

పలుచని నీడలో కంద, పసుపు, మామిడి అల్లము బాగుగా పెరుగును. రోహిణి, మృగశిర కార్తెలలో నాటవలెను. కందకు మొలక భాగము గల అరకిలో ముక్కను రెండున్నర అడుగుల ఎడమున, పసుపు కొమ్మును అడుగు ఎడమున నాటవలెను. కొవ్వూరు పరిశోధన స్థానమునుండి వచ్చిన గజేంద్ర కందకు గొంతు దురద తక్కువ. నీడలో దుంప ఎండలో ఊరినంత ఊరదు. అయినను ఇంటి వాడకమునకు సరిపోవును. కొంత దుంపను తవ్వక విడిచినచో, నీరు నిలువని నేలలో అది మరుసటి తొలకరికి తిరిగి మొలచును.

మామిడి క్రింద వీనివలన మరియొక మేలు కలదు. పూతకు ముందు మామిడికి నేల పొడిగా ఉండవలెను. ఆ రోజులలో నీరు పోసినచో కొత్త చిగురు వచ్చి పూత తగ్గును. కంద, పసుపు వానలలో పెరిగి, శీతకాలమున ఆకు పండి విశ్రమించును. కనుక నవంబరునుండి నీరు ఆపివేయవచ్చును. చెట్టునకు, దుంపకు కూడ అదియే మేలు.

పూల కొరకు కనకాంబరము నాటవచ్చును. ఇది దక్షిణ దేశపు మొక్కయే. పలుచని నీడలో చక్కగా పూయును. నీడ అంచున కరివేపాకు పిలకను నాటవలెను. దడికి అడ్డసరము మంచిది. చేదగుటచే మేకలు ముట్టవు.

చిక్కని నీడకు చాగ తగినది. మన కోస్తా ప్రాంతపు ముళ్ళపొదల చాటున సహజముగా పెరుగును. పూర్వము దీని నారతో త్రాళ్ళు, వింటినారులు పేనెడివారు. దుంపవేరు ముక్కను నాటినచో గుంపుగా అల్లుకొనును. నీరు నిలిచినచో మాత్రము కుళ్ళును. మంచినీటి కుళాయి చెంత తడి నేలలో సరస్వతి ఆకు వేయవచ్చును. సబ్బు నీరు పారు చోట పెరిగిన ఆకును తినరాదు.

సంరక్షణ

నాటిన తొలి వానకాలమున వాన పడని వారము ఒక తడి ఇయ్యవలెను. తొలి వేసవిలో కనకాంబరమునకు, కరివేపాకునకు వారమునకు రెండు తడులు చాలును. రెండవ ఏడాదినుండి ఈ రెంటికి ఎండు వారములలో ఒక తడి. కంద, పసుపు, చాగలకు వాన నీరే దాదాపు సరిపోవును. తొలకరికి ముందు ఒక తట్ట పశువుల ఎరువు చల్లి, దానిపై ఆకు పరచవలెను. అంతకుమించి పని లేదు.

ఒక చెట్టు నీడ నిచ్చుటకు పదేండ్లు పట్టును. కొట్టుటకు ఒక పూట చాలును. సిమెంటు చేసిన పెరటిలో వాన నీరు ఇంకదు. బావియు, చెట్టును క్రమముగా ఎండును. కనుక గొడ్డలి పట్టుటకు ముందు ఈ తొలకరికి నాలుగు కంద ముక్కలు, నాలుగు పసుపు కొమ్ములు నాటి చూడుడు. ఏ నేలను బోసి నేల యని విడిచితిమో, ఆ నేలయే సంక్రాంతి పండుగకు కూర నిచ్చును.