చింతచెట్టు మీద చుట్టాలు

మన ఇంటికి చుట్టాలు వస్తే రెండు రోజులుంటారు, పోతారు. కానీ ఒక ఊరికి వచ్చే చుట్టాలు నెలల తరబడి ఉంటాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, వాటికి ఎగరడం వచ్చాక తీసుకుపోతాయి. ఆ చుట్టాలు కొంగలు. ఆ ఊరు వీరాపురం.

వీరాపురం చిలమత్తూరు మండలంలో ఉంది. హిందూపురం, లేపాక్షి దానికి దగ్గర. ముందు అది అనంతపురం జిల్లా. 2022లో కొత్త జిల్లాలు చేశాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. పేరు ఏదైనా నేల కరువు నేలే. ఏడాదంతా కలిపి ఇక్కడ పడేది సుమారు 55 సెంటీమీటర్ల వాన. అలాంటి చోటికి కొంగలు ఎందుకు వస్తాయి?

ఎట్లా ఉంటాయి?

వీటిని ఎర్రకాళ్ళ కొంగలు అంటారు. నిలబడితే మూడడుగుల ఎత్తు. ఒళ్ళు తెల్లగా ఉంటుంది. రెక్కల మీద నల్లచారలు. తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. తెల్లచీర అంచుకు రంగుదారంతో కుట్టు వేసినట్టు ఉంటుంది. ముక్కు పసుపుపచ్చగా, పొడుగ్గా ఉంటుంది.

"ఇవి సైబీరియా నుంచి వస్తాయి" అని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఇవి మన దేశం పక్షులే. శ్రీలంకలోనూ ఉన్నాయి. మంచు దేశాల్లో ఉండవు. నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి.

ఈ కొంగ చేపను కళ్ళతో వెతకదు. తక్కువ లోతు నీళ్ళలో నిలబడి, ముక్కు కొంచెం తెరిచి నీళ్ళలో ఆడిస్తుంది. చేప తగిలితే టక్కున మూస్తుంది. అలవాటైన చెయ్యి చూడకుండానే కుట్టు వేస్తుంది కదా! అట్లాగే. చెరువు మరీ లోతుగా ఉన్నా, ఎండిపోయినా దానికి తిండి దొరకదు.

సంక్రాంతి దాటాక ఇవి వీరాపురం చేరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. మూడో నాలుగో గుడ్లు పెడతాయి. ఆడది, మగది వంతులు వేసుకుని నెలరోజులు పొదుగుతాయి. పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు నెలలు పడుతుంది. ఎండ మండితే తల్లి రెక్కలు చాపి నీడ పడుతుంది. ముక్కుతో నీళ్ళు తెచ్చి పిల్లలకు పోస్తుంది.

కొంగలు వస్తే ఊరికి మంచిదని పెద్దలు అంటారు. ఆ మాటలో తెలివి ఉంది. చెరువులో నీళ్ళు, చేపలు ఉంటేనే కొంగ గూడు కడుతుంది. నీళ్ళున్న ఊరు చల్లగా ఉంటుంది కదా!

నష్టం ఎవరిది?

చింతకాయలు దులిపే కాలం, కొంగలు గూడు కట్టే కాలం ఒకటే. చెట్టెక్కి కొమ్మలు దులిపితే కొంగలు బెదిరి లేచిపోతాయి. గుడ్లు పాడవుతాయి. దులపకపోతే చింతపండు డబ్బు పోతుంది. చింతకాయ కొట్టి, గింజ తీసే ఆడవాళ్ళకు కూలి కూడా పోతుంది. చెట్టు కింద రెట్ట పడుతుంది. చేపల వాసన వస్తుంది. అక్కడ బొంత పరచి కుట్టుకోలేరు. వడియాలు ఎండబెట్టుకోలేరు.

పేరు ఊరందరిదీ. నష్టం మాత్రం చెట్టున్న ఇంటిది.

కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరు అనే ఊరుంది. అది మండ్య జిల్లా. అక్కడ కూడా ఊళ్ళోని చెట్ల మీద ఇవే కొంగలు గూళ్ళు కడతాయి. కాయలు దులపకుండా చెట్లు వదిలిన వాళ్ళకు అటవీశాఖ కొంత డబ్బు ఇచ్చింది. రెట్టను కూడా పారెయ్యరు. అది పొలానికి మంచి ఎరువు.

పిల్ల కింద పడితే

గాలివానకు గూట్లోంచి పిల్ల పడుతుంది. అది ఎగరలేదు. కుక్క చూసిందంటే వదలదు. కుక్కను తిట్టి లాభం లేదు, దాని గుణం అది. ఆ నెలల్లో మన కుక్కను కట్టేసుకోవాలి. చెట్ల దగ్గరికి పోనివ్వకూడదు.

కుక్క నోట్లోంచి పిల్లను చేత్తో లాగకండి. కుక్క కరిస్తే వెంటనే సబ్బు, ధారగా పడే నీళ్ళతో పావుగంట కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. చెప్పినన్ని సూదులూ తప్పకుండా వేయించుకోవాలి. కుక్కపిచ్చి వచ్చాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

కింద పడిన కొంగపిల్ల మీద గోనెపట్టా కప్పి, అటవీశాఖ వాళ్ళకు కబురు చెయ్యండి. దాన్ని ఇంట్లో పెంచుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కొంగను చంపడం, గుడ్లు తీయడం దాని ప్రకారం నేరం.

మాట్లాడుకోండి

మీ ఊరి చెరువుకు ఏ పక్షులు వస్తాయి? ముందుకంటే పెరిగాయా, తగ్గాయా? కొంగల కోసం చింతకాయలు వదులుకున్న ఇంటికి ఊరు ఏ సాయం చెయ్యాలి? సంఘంలో కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తండి. అందరూ ఒప్పుకున్నది కాగితం మీద రాసుకోండి.