పిల్లి కూనకు ఫ్లీలు, పెరటికి కోళ్ల గూడు: ఎందుకు? ఎలా?

పిల్లి కూన ఒళ్లంతా ఎందుకు గోక్కుంటుంది? బొచ్చులో ఫ్లీలు చేరి ఉండొచ్చు. ఇవి రక్తం తాగి బతికే, రెక్కల్లేని, దూకే పురుగులు. ఆడ ఫ్లీ రోజుకు 50 దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు బొచ్చులో నిలవవు. చాపల మీదికీ మట్టిలోకీ రాలిపోతాయి. అందుకే కూన పడుకునే గుడ్డలను కూడా వేడినీళ్లలో ఉతకాలి.

మరీ చిన్న కూనకు సన్నపళ్ల దువ్వెనే మేలు. చిక్కిన ఫ్లీలను సబ్బునీళ్లలో ముంచాలి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లుల ప్రాణం తీయగలదు! కూన వయసు, బరువు చూసి పశువైద్యులు చెప్పిన మందే వాడాలి.

ఇంటి పెరట్లో కోళ్లనూ పెంచాలనుకుంటే? కోళ్ల ముఖానికి అతుక్కునే ఒక రకం ఫ్లీ పిల్లులకూ పడుతుంది. కాబట్టి కూన తిరిగే చోటుకు గూడు దూరంగా ఉండాలి.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపల పడదు. నేలకు రెండడుగుల ఎత్తు, ముంగిసలు దూరని సన్న జాలీ, ఒక్కో కోడికి 2 చదరపు అడుగుల చోటు ఉంటే మంచిది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది.

ముందు పెద్దవాళ్లతో కలిసి పెరడు కొలవండి; కోళ్ల టీకాల సంగతి దగ్గరి పశువైద్యశాలలో అడగండి.