తొలినాళ్ల చిత్తభ్రాంతి - కంప్యూటరుతో బుద్ధిసాధన

చదువులో ముందుండిన పద్దెనిమిది, ఇరువదేండ్ల యువకుడు క్రమక్రమముగా గది విడిచి రాక, స్నేహితులకు దూరమై, పుస్తకమును ముందు పెట్టుకొని గంటల తరబడి ఒక్క పుటయందే చూపు నిలిపి, ఏమి చదివితివిరా యని తల్లి అడిగినచో బదులు చెప్పలేక, కొన్నాళ్లకు ఎవరును లేనిచోట తనకు మాటలు వినబడుచున్నవనియు, ఇరుగుపొరుగువారు తనమీద పగబట్టినారనియు చెప్పనారంభించినప్పుడు, ఇంటిల్లిపాదియు దిగులుపడి, గాలి సోకినదేమోయని ఒకచోటికి, చేతబడి జరిగినదేమోయని మరియొకచోటికి త్రిప్పి త్రిప్పి, చివరకు మానసిక వైద్యుని చేరుదురు. ఈ త్రిప్పటలో ఎంత కాలము గడచిపోవునో ఊహించుట కష్టము కాదు. సౌకర్యములకు కొదువలేని అమెరికా దేశమునందే, 34 చికిత్సాకేంద్రములలో 404 మంది యువరోగులను పరిశీలింపగా, వ్యాధి పొడసూపిన నాటినుండి తగిన చికిత్స లభించు వరకు సగము మందికి 74 వారములకు పైగా పట్టినట్లు 2015లో తేలినది.

వైద్యశాస్త్రము దీనిని సైకోసిస్ అని వ్యవహరించును. లేని శబ్దములు వినబడుట, లేని విషయములను ఉన్నవని దృఢముగా నమ్ముట, ఆలోచనల వరుస చెదరుట దీని లక్షణములు. దీని రూపములలో దీర్ఘకాలము బాధించునది స్కిజోఫ్రీనియా. నూటికి ఒక్కరికి లోపుగానే వచ్చు వ్యాధియైనను, యౌవనారంభమున, అనగా మనిషి చదువును, వృత్తిని, తోడును సంపాదించుకొనవలసిన ఏండ్లలోనే తరచుగా ఆరంభమగుట దీని క్రూరత్వము. మందులు పనిచేయును, తొలిసారి వ్యాధికి గురియైనవారిలో పెక్కుమందికి మాటలు వినబడుటయు, అనుమానములును కొన్ని వారములలో, కొన్ని నెలలలో తగ్గుముఖము పట్టును. అప్పుడు తల్లిదండ్రులకు రెండవ దుఃఖము మొదలగును. కుర్రవాడు శాంతించినాడు, నిద్రపోవుచున్నాడు, అన్నము తినుచున్నాడు; కాని కళాశాలకు మరలిపోయి పాఠము వినలేకున్నాడు. బద్ధకమని బంధువులందురు. మందుల మత్తని ఇరుగుపొరుగువారందురు. మత్తు కొంత ఉండవచ్చును గాని, అసలు కారణము వ్యాధిలోనే ఉన్నదనియు, అది మాటలు వినబడుటకంటె ముందే ఆరంభమైనదనియు తెలిసినచో ఆ బిడ్డపై పడు నిందలలో సగము తొలగిపోవును.

జర్మను వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1890 నాటి దశకమున ఈ వ్యాధిని వర్ణించినప్పుడు, అకాలమున దాపురించు బుద్ధిక్షీణతనే దాని ముఖ్యలక్షణముగా భావించి, ఆ అర్థమే వచ్చు పేరు దానికి వాడెను. 1911లో స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయ్‌లర్ ఆ నిరాశాపూర్ణమైన పేరును తొలగించి స్కిజోఫ్రీనియా అను పేరు ప్రచారములోనికి తెచ్చెను. 1952లో పారిసు నగరమున క్లోర్‌ప్రొమజీన్ అను మందు ఈ రోగులకు ఉపశమనము కలిగించునని కనుగొనబడిన పిమ్మట, దశాబ్దముల పాటు వైద్యలోకపు చూపంతయు భ్రాంతులను అణచుటపైననే నిలిచిపోయినది. అణచుట అవసరమే. అయినను, 1996లో లాస్ ఏంజిలిస్ నందలి మైకేల్ గ్రీన్ అంతవరకు జరిగిన పరిశోధనలను కూర్చి చూచి, రోగి తన కాళ్లమీద తాను నిలువగలుగుట అతనికి వినబడు మాటల తీవ్రతకంటె అతని జ్ఞాపకశక్తి, అవధానము మున్నగు బుద్ధివ్యాపారములపైన ఎక్కువగా ఆధారపడియున్నదని చూపెను. న్యూజీలాండు నందలి డునీడిన్ పట్టణమున 1972-73లో పుట్టిన 1,037 మందిని మూడేండ్ల వయసునుండి పరిశీలించుచు వచ్చిన శాస్త్రజ్ఞులు, వారిలో తరువాతి కాలమున స్కిజోఫ్రీనియాకు గురియైనవారు బాల్యమునందే కొన్ని బుద్ధిపరీక్షలలో తోటివారికంటె వెనుకబడియుండిరని గ్రహించిరి.

ఈ వెనుకబాటు ఎట్టిదో తరగతిగదిలో చూడవచ్చును. అధ్యాపకుడు ఒక వాక్యము చెప్పును; ఆ వాక్యపు మొదటి భాగమును మనసున నిలుపుకొనియే రెండవ భాగమును వినవలెను, విన్నదానిలో ముఖ్యమైనదానిని ఏరవలెను, ఏరినదానిని వ్రాయవలెను, వ్రాయుచునే తరువాతి వాక్యమునకు చెవియొగ్గవలెను. ఆరోగ్యవంతుడు ఈ నాలుగింటిని తనకు తెలియకయే చేయును. రోగికి ఒక్కొక్కటియు ఒక బరువు. ఇంకను లోతుకు పోయినచో, లోపము చెవి నుండి వార్త అందుకొను మెదడు భాగమునందే గోచరించును. ఒకే స్వరమును పదేపదే వినిపించి, నడుమ ఒక వేరు స్వరమును చేర్చినచో, మనము వినుటకు ప్రయత్నింపకున్నను మన మెదడు ఆ తేడాకు స్పందించి, తలపై నుంచిన విద్యుత్ సూచికలలో ఒక తరంగమును చూపును. స్కిజోఫ్రీనియా రోగులలో ఆ తరంగము క్షీణించియుండుననుట అనేక పరిశోధనాలయములలో మరల మరల తేలిన విషయము. శబ్దమే మసకబారి ప్రవేశించినప్పుడు, దానిపై కట్టిన మాటయు, మాటపై కట్టిన జ్ఞాపకమును స్ఫుటముగా నుండుననుకొనుట ఎట్లు?

ఈ ప్రశ్ననుండియే మన వ్యాసవిషయమైన సాధన పుట్టినది. శాన్‌ఫ్రాన్సిస్కో నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మైకేల్ మెర్జెనిక్ అను శాస్త్రజ్ఞుడు, 1980 నాటి దశకమున కోతులపై జరిపిన ప్రయోగములలో, ఎదిగిన ప్రాణి మెదడును పూర్తిగా గట్టిపడిన పదార్థము కాదనియు, ఒక వ్రేలికి పని తప్పినచో ఆ వ్రేలికి చెందిన మెదడు భాగమును ప్రక్క వ్రేళ్లు ఆక్రమించుకొనుననియు చూపియుండెను. అదే విశ్వవిద్యాలయమునందలి మనోవైద్యురాలు సోఫియా వినోగ్రాడోవ్, ఆమె సహచరురాలు మెలిస్సా ఫిషర్ మున్నగువారు, మెర్జెనిక్ బృందము రూపొందించిన కంప్యూటరు అభ్యాసములను స్కిజోఫ్రీనియా రోగులకు ప్రయోగించి చూచిరి. అభ్యాసములు మొదట అతి సరళములుగా కనబడును. రెండు స్వరములు వినబడును. ఒక్కొక్కటి ఎక్కుచున్నదో దిగుచున్నదో మీట నొక్కి చెప్పవలెను. పిమ్మట 'బ', 'ద' వంటి అక్షరధ్వనులను వేరుపరచవలెను. తరువాత కొన్ని ధ్వనులను వినిన వరుసలో చెప్పవలెను. చివరకు చిన్న కథ విని అందలి వివరములకు సమాధానములీయవలెను. సరళీవరుసలు నేర్పు సంగీతగురువు శిష్యుడు మొదటి కాలమున నిలకడగా పాడిన పిమ్మటనే రెండవ కాలమునకును, అది కుదిరిన పిమ్మటనే మూడవ కాలమునకును తీసికొనిపోవునట్లు, ఇందు కంప్యూటరు ప్రతి సమాధానమును గమనించుచు, సరియైనచో ధ్వనుల నడిమి వ్యవధిని తగ్గించును, తప్పినచో పెంచును. పది ప్రశ్నలలో ఇంచుమించు ఎనిమిది సరిపోవునంతటి కష్టమునందు అభ్యాసిని నిలిపియుంచును. విసుగు పుట్టునంత తేలికయు కాదు, నిస్పృహ కలుగునంత కఠినమును కాదు. వేలకొలది పర్యాయములు ఇట్లు చేయుటయే ఈ సాధనలోని ప్రాణము.

2009లో ప్రకటింపబడిన వారి తొలి ముఖ్యపరిశోధనలో 55 మంది రోగులు పాల్గొనిరి. చాలమంది ఎన్నో ఏండ్లుగా వ్యాధితో నున్నవారు. కొందరు పది వారములలో 50 గంటలు ఈ శ్రవణాభ్యాసము చేసిరి, కొందరు అన్ని గంటలును మామూలు కంప్యూటరు ఆటలు ఆడిరి. అభ్యాసము చేసినవారికి మాటలను జ్ఞప్తియందుంచుకొను శక్తి స్పష్టముగా పెరిగినది. పాతరోగులకే ఇంత మేలు కలిగినచో తొలిదశలోని యువకులకు మరెంత కలుగునో యను ఆశ సహజము. కనుక 2015లో ప్రకటించిన పరిశోధనలో, వ్యాధి ఇటీవలనే ఆరంభమైన 86 మంది యువకులకు ల్యాప్‌టాపులిచ్చి, సగము మందిచేత ఎనిమిది వారములలో 40 గంటల శ్రవణాభ్యాసమును, సగము మందిచేత ఆటలను సాగించిరి. ఆసుపత్రికి రానక్కరలేదు, సాధన ఇంటనే. అభ్యాసము చేసినవారిలో మొత్తము బుద్ధిశక్తియు, విన్నదానిని జ్ఞాపకముంచుకొనుటయు, సమస్యాపరిష్కారసామర్థ్యమును ఆటలాడినవారికంటె మెరుగుపడినవి. కాని చదువునకో, ఉద్యోగమునకో, స్నేహములకో సంబంధించిన దైనందిన జీవనమున ఆ ఎనిమిది వారములలో చెప్పుకొనదగిన మార్పు రాలేదు. నా దృష్టిలో ఈ రెండవ వాక్యము మొదటిదానికంటె ముఖ్యమైనది.

ఏలయనగా, పరీక్షలో మార్కులు పెరుగుట ఒకటి, బ్రతుకు తిరిగి చేతికి వచ్చుట వేరొకటి. లండను నందలి టిల్ వైక్స్ బృందము 2011లో 40 పరిశోధనలను, 2021లో ఇటలీకి చెందిన ఆంటోనియో వీటా బృందము 130 పరిశోధనలను, దాదాపు తొమ్మిదివేల మంది రోగుల ఫలితములను కూర్చి తూచినప్పుడు, ఇట్టి సాధనల వలన బుద్ధిశక్తికిని, జీవనసామర్థ్యమునకును మేలు కలుగుట నిజమే గాని ఆ మేలు అల్పము నుండి మధ్యమము వరకే యని తేలినది. తొలిదశ రోగులపై జరిగిన 11 పరిశోధనలను 2015లో విడిగా కూర్చి చూడగా, ఆశించినంత పెద్ద ఫలము కనబడలేదు కూడ. ఈ మాట దాచరాదు; అయినను నిరాశపడవలసిన పనియు లేదు. ఏ సందర్భమున ఫలము హెచ్చుచున్నదో ఆ సంకలనములే చెప్పుచున్నవి: శిక్షణ పొందిన చికిత్సకుడు ప్రక్కన కూర్చుండి, ఈ అభ్యాసమున నేర్చిన ఉపాయమును రేపు బజారులోనో, తరగతిలోనో ఎట్లు వాడుకొందువని రోగిచేత ఆలోచింపజేసినప్పుడును, సాధనను ఉద్యోగశిక్షణ మున్నగు పునరావాసచర్యలతో జోడించినప్పుడును.

ఇందుకు పిట్స్‌బర్గ్ నగరపు ఉదాహరణము చక్కనిది. అచట షాన్ ఈక్ మున్నగువారు తొలిదశలోనున్న 58 మంది రోగులలో కొందరికి రెండేండ్ల పాటు ఒక సమగ్రచికిత్స నిచ్చిరి. ఇద్దరేసి రోగులు ఒక కంప్యూటరు ముందు కూర్చుండి ఒకరికొకరు సాయపడుచు సుమారు 60 గంటలు సాధన చేయుదురు, దానితోపాటు చిన్న గుంపుగా చేరి, ఎదుటివాని మనసెరిగి మాటలాడుట, సందర్భమునెరిగి మెలగుట అభ్యసింతురు. రెండేండ్ల అంతమున వారిలో సగమునకు పైగా జీతమునకు పనిచేయుచుండగా, ఈ సాధన లేకుండ ఇతర చికిత్స పొందినవారిలో అట్టివారు అయిదింట ఒకవంతుకు మించలేదు. మెదడు చిత్రములు తీయగా, జ్ఞాపకమునకు ఆధారమైన కొన్ని భాగములలో మెదడు పదార్థము తరుగుదల సాధన చేసినవారియందు తక్కువగా నుండెను. కంప్యూటరు శాన్‌ఫ్రాన్సిస్కోలోను ఉన్నది, పిట్స్‌బర్గ్‌లోను ఉన్నది. భేదము ప్రక్కనున్న మనిషిలోను, ఎదుటనున్న పనిలోను కలదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. జ్ఞాపకశక్తిని పెంచుదుమను మొబైలు ఆటలు నేడు కోకొల్లలు. అట్టి ఆటలను లూమోసిటీ యను పేరిట అమ్ము సంస్థ, తన ప్రకటనలలోని గొప్పలకు తగిన ఆధారములు లేనందున, 2016లో అమెరికా ప్రభుత్వపు వ్యాపారనియంత్రణ సంఘమునకు ఇరువదిలక్షల డాలర్లు చెల్లించుకొనవలసి వచ్చినది. రోగి చేతికి ఏదో ఒక ఆటనిచ్చి సాధన జరుగుచున్నదనుకొనుటయు, సాధన జరుగుచున్నదిగదా యని వైద్యునడుగక మందులు మానిపించుటయు, రెండును ప్రమాదకరములు. పైన చెప్పిన పరిశోధనలలో రోగులు మందులు వాడుచునే సాధన చేసినవారని గుర్తుంచుకొనవలెను.

మన దేశమున ఈ పని శూన్యము కాదు. బెంగుళూరు నందలి నిమ్‌హాన్స్ సంస్థలో శాంతల హెగ్డే, శోభిని రావు మున్నగువారు, తొలిసారి స్కిజోఫ్రీనియాకు గురియైనవారికి ఇంటనే చేయించు బుద్ధిశిక్షణను రూపొందించి 2012లో ఫలితములు ప్రకటించిరి. అందు కంప్యూటరు లేదు. కాగితము, పెన్సిలు, ఇంటివారి పర్యవేక్షణ, అంతే. అయినను మామూలు చికిత్సకు దీనిని చేర్చినవారికి అదనపు మేలు కలిగినది. రోగులలో అధికులు తల్లిదండ్రులతోడనే నివసించు మన సమాజమున, పాశ్చాత్యదేశములలో జీతమిచ్చి నియమింపవలసిన ఆ ప్రక్కమనిషి మన ఇండ్లలో ఇదివరకే ఉన్నాడు. ఆ తల్లికి, ఆ అన్నకు, ఆ అక్కకు నేర్పువారు కావలెను.

తెలుగు యువకునికి శ్రవణసాధన తెలుగుననే ఉండవలెనని నేను గట్టిగా నమ్ముచున్నాను. ఆంగ్లధ్వనులపై కట్టిన అభ్యాసములు అచటి చెవికి తగినవి. మనకు అర్థభేదము నిచ్చునవి 'త'కును 'ట'కును గల భేదము, 'ల'కును 'ళ'కును గల భేదము, హ్రస్వదీర్ఘముల భేదము. 'పలక'కును 'పాలక'కును, 'కల'కును 'కళ'కును తేడా చెవికి తక్షణమే తగులవలెను. ఈ ధ్వనులతో క్రమముగా కష్టము పెరుగునట్టి అభ్యాసములను, వాటి చివర వినిపించుటకు మన పల్లెల, పట్టణముల నిత్యజీవనపు చిన్న కథలను కూర్చుటకు భాషావేత్తలకు, మనస్తత్వశాస్త్రజ్ఞులకు, కంప్యూటరు ఇంజనీర్లకు మనలో కొదువ లేదు.

అంతవరకును కుటుంబములు చేయదగినది లేకపోలేదు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయములోను, విశాఖపట్టణపు ప్రభుత్వ మానసిక చికిత్సాలయములోను వైద్యసలహా దొరకును. కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సేవను 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సంప్రదింపవచ్చును. వైద్యుని కలిసినప్పుడు, వినబడు మాటలు తగ్గినవా యను ప్రశ్నతో ఆగక, పాఠము వినగలుగుచున్నాడా, చెప్పిన నాలుగు పనులు జ్ఞాపకముంచుకొనుచున్నాడా యను సంగతులను కూడ విన్నవించి, బుద్ధిసామర్థ్యపు పరీక్ష చేయింపుమని కోరవలెను. కళాశాలవారిని కలిసి ఒక్క సంవత్సరము గడువును, పాఠముల వ్రాతప్రతులను, పరీక్షలో కొంత అదనపు కాలమును అడుగవలెను.