మా ‘పిచ్చిమొక్కల సంఘం’

మీ ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఏదైనా ఉందాండీ? ఉంటే ఒక్కసారి గోడ మీంచి తొంగి చూడండి. ప్లాస్టిక్ కవర్లూ, కొబ్బరి బోండాల డొక్కులూ పక్కన పెడితే అక్కడ మొలిచిన మొక్కల్లో ఎన్నింటి పేర్లు చెప్పగలరు? “ఏవో పిచ్చిమొక్కలు లెండి” అంటారు కదూ! నేనూ అలాగే అనేదాన్ని. ఇప్పుడేమో ఆ మొక్కల పేర్లు తెలుసుకోవడానికే నెలకో ఆదివారం తెల్లవారుతూనే ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టి, “మీరే వేసుకోండి” అని చెప్పి బయలుదేరుతున్నాను. మాకు ‘పిచ్చిమొక్కల సంఘం’ అని పేరు పెట్టింది మా వారే. వెక్కిరింపుగా పెట్టారు గానీ ఆ పేరే స్థిరపడిపోయింది.

దీనికంతటికీ కారణం మా అత్తగారు. మా ఇల్లు హైదరాబాదు శివార్లలో. ఆవిడది జనగామ దగ్గర పల్లె. ఏటా వినాయక చవితికి మా ఇంటికి వచ్చేవారు. తెలంగాణలో చవితి నాడు తుమ్మికూర వండుకోవడం ఆనవాయితీ అని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆవిడ వచ్చీ రాగానే సంచీ లోపల పెట్టి, పక్క ప్లాటులోకి వెళ్ళి, కొంగు నిండా తుమ్మాకు కోసుకొచ్చేవారు. పూజకు గరిక, ఉత్తరేణి, వాకుడు, జిల్లేడు అన్నీ అక్కడే దొరికేవి.

2016లో నేనో పని చేశాను. పాములొస్తున్నాయి, దోమలెక్కువయ్యాయి అని మనిషిని పిలిచి ఆ ప్లాటు మొత్తం గడ్డిమందు కొట్టించాను. నాలుగు రోజుల్లో అంతా ఎండి శుభ్రమైపోయింది. నేను సంతోషించాను కూడా. చవితి ముందు రోజు అత్తగారు వచ్చారు. గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. “ఇగ తుమ్మికూర ఎక్కడ దొర్కుతది బిడ్డా?” అన్నారు. అంతే. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదేమో! బజారులో నేను కొన్న పత్రి కట్ట విప్పి ఒక్కొక్క ఆకూ తీసి చూసి పక్కన పెట్టారు. ఇరవై ఒక్క రకాలు ఉండాల్సిన కట్టలో అసలైనవి ఆరో ఏడో ఉన్నాయి. మిగతావి రోడ్డు పక్కన విరుచుకొచ్చిన కొమ్మలు.

2019లో ఆవిడ పోయారు. మరుసటేడు కరోనా. బజారుకి వెళ్ళడానికి భయపడి, పత్రి నేనే కోద్దామని పక్క ప్లాటులోకి దిగాను. మొక్కలు మళ్ళీ మొలిచాయి లెండి, వానలు పడితే అవి ఊరుకోవు కదా. కానీ ఏది ఉత్తరేణో, ఏది వావిలో నాకు తెలిస్తేగా! గరిక, తులసి, మామిడి, రేగు, జిల్లేడు, దానిమ్మ, రావి... ఏడు దాటి లెక్క సాగలేదు. ఇరవై ఏళ్ళు ఆవిడ పక్కన కూర్చుని ఆకు ఏరాను, ఒక్కసారైనా “దీని పేరేంటి అత్తయ్యా?” అని అడగలేదు.

ఆ మాట ఒకసారి మా పార్కులో నడుస్తూ పక్కావిడతో అన్నాను. “మా బావగారు బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యారు, ఆయన్ని అడుగుదాం” అందావిడ. అలా నలుగురం మొదలుపెట్టాం. ఇప్పుడు పద్దెనిమిది మందిమి. ఇద్దరు స్కూలు టీచర్లు, ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల అమ్మాయిలు, మిగతా అందరం నాలాంటి ఇంటిపట్టున ఉండేవాళ్ళమే. మాకందరికీ పెద్ద దిక్కు మాత్రం మా వీధిలో ఆకుకూరలు అమ్మే పెద్దమ్మ. ఆమెది వికారాబాద్ వైపు. మాస్టారికి మొక్కల లాటిన్ పేర్లు తెలుసు, పెద్దమ్మకి వాటి రుచులు తెలుసు. ఇద్దరికీ పడదు, కానీ ఒకరు రాకపోతే ఇంకొకరికి తోచదు.

మా సమావేశం అంటే కుర్చీలు, మైకులు ఉండవు. రెండో ఆదివారం ఏడింటికి పార్కు రావిచెట్టు దగ్గర చేరతాం. ఒక్కొక్కరూ ఒక్క కొమ్మ తేవాలి. వేళ్ళతో పెరకకూడదు, పువ్వో కాయో ఉంటే మరీ మంచిది. ఒకరి కొమ్మ చూపిస్తే మిగతావాళ్ళు పేరు చెప్పాలి. ఇక చూడండి గోల! ఒకరు గలిజేరు అంటారు, ఇంకొకరు కాదు అటికమామిడి అంటారు. కరీంనగర్ పేరు గుంటూరు వాళ్ళకి తెలియదు. అన్ని పేర్లూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాం, ఏ ఊరి పేరో కూడా రాస్తాం. ఏదీ తప్పని కొట్టెయ్యం.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మాస్టారు చెప్పిన సంగతి ఒకటి చెబుతాను. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు డాక్టరు 1793లో కలకత్తా తోటకి వెళ్ళకముందు మన సామర్లకోటలో ఉండి మొక్కలు పరిశీలించారట. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన బొమ్మలతో వేసిన పుస్తకం 1795 నుంచి వచ్చింది. మొక్కలకి స్థానికులు పిలుచుకునే తెలుగు పేర్లను ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. మన అడవుల్లో ఉండే సోమిద చెట్టు లాటిన్ పేరు ‘సోయ్‌మిడా’. అది తెలుగు పేరులోంచి వచ్చిందే. ఇది విన్నాక మా పెద్దమ్మ వారం రోజులు మాస్టారితో గర్వంగా మాట్లాడింది!

తినకండి, ముందు అడగండి

ఒక్క విషయంలో మాత్రం మాకు కచ్చితమైన నియమం ఉంది. పేరు తేలేదాకా ఏ ఆకూ నోట్లో పెట్టకూడదు. పత్రిలో ఉండే ఉమ్మెత్త, గన్నేరు రెండూ విషమే. జిల్లేడు పాలు కళ్ళలో పడితే ప్రమాదం. పూజ అయ్యాక ఆ ఆకులు పసిపిల్లలకి అందకుండా తీసేయండి. ఎర్రగా ముద్దొచ్చే గురివింద గింజలు కూడా నమిలితే ప్రాణానికే ముప్పు, ఆడుకోవడానికి ఇవ్వకండి. పొన్నగంటి కూరని పోలినదే ఇంకోటి మురికి కాలవల్లో దట్టంగా పెరుగుతుంది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. కాలవ గట్టు మీద పచ్చగా ఉంది కదాని కోసుకొచ్చేరు! గడ్డిమందు కొట్టే చోట్లలో మంచి కూరైనా ముట్టుకోకూడదు.

వానాకాలం నాలుగు నెలలూ మాకు నడకలు. చెరువు గట్లు, గుట్టలు తిరుగుతాం. బతుకమ్మ ముందు గునుగు, తంగేడు ఎక్కడ పూశాయో చూసుకుంటాం. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయినా మా చుట్టుపక్కల కొనుక్కునే పరిస్థితి వచ్చింది. గునుగు చేలల్లో తనంతట తానే మొలిచేది, గడ్డిమందులు కొట్టే చేలల్లో అదెక్కడిది?

ఎండాకాలం గింజల పని. తంగేడు, రేల గింజల పెంకు గట్టిది. వేడి నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి నాటితే త్వరగా మొలుస్తాయి. వేప, ఇప్ప గింజలు మాత్రం దాచకూడదు, రాలిన కొద్ది రోజుల్లోనే నాటాలి. నేను మొదటేడు వేపగింజలు డబ్బాలో పోసి జాగ్రత్తగా ఆరు నెలలు దాచాను, ఒక్కటీ మొలవలేదు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు జేబుల నిండా గింజలు పోసుకుని వెళ్ళిన చోటల్లా నాటేవారు కదా. భార్య జానమ్మ గారు ఆయనకి తోడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన్ని తలుచుకునే మేమూ హ్యాండ్‌బ్యాగుల్లో చింతగింజలు, కానుగ కాయలు వేసుకుని తిరుగుతున్నాం. బస్సులో టిక్కెట్టు డబ్బులు తియ్యబోతే గింజలు రాలి నవ్వులపాలైన రోజులూ ఉన్నాయి.

“విదేశీ మొక్కలన్నీ చెడ్డవా?” అని మీరడగొచ్చు. అలా అంటే మన పులుసులో మిరపకాయ, టమాటా ఉండవు, బతుకమ్మలో బంతిపూలూ ఉండవు. అవన్నీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. కానీ వయ్యారిభామలా చేలన్నీ ఆక్రమించి, ఒళ్ళు దద్దుర్లు, ఆయాసం తెప్పించేవి ఉన్నాయి. రోడ్ల మధ్యన పచ్చగా కత్తిరించి పెంచే కోనోకార్పస్ ఉంది, అదీ బయటిదే. 2023లో గుజరాత్‌లో దాన్ని నాటొద్దని నిషేధించారు. మన మొక్కల సంగతి వేరు. కరివేపాకు మీద గొంగళి కనిపిస్తే చెప్పు తీసేదాన్ని నేను. అది సీతాకోకచిలుక పిల్ల అనీ, జిల్లేడు మీద ఒక రకం, తంగేడు మీద ఒక రకం గుడ్లు పెడతాయనీ మాస్టారు చూపించారు. ఇప్పుడు కరివేపాకులో రెండు రెమ్మలు వాటికి వదిలేస్తున్నాను. మా అబ్బాయి వాటికి పేర్లు కూడా పెడుతున్నాడు.

చవితి ముందు ఆదివారం మాకు పెద్ద పండగ. ఇంటికో కూర వండుకొచ్చి మోదుగ విస్తళ్ళలో కలిసి భోంచేస్తాం. తుమ్మికూర నా వంతు. చేసే విధానం చెబుతాను. లేత తుమ్మాకులు రెండు గుప్పిళ్ళు ఏరి, మట్టి పోయేలా మూడుసార్లు కడగండి. కొంచెం చేదు ఉంటుంది కాబట్టి మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి వార్చేయండి. అర కప్పు పెసరపప్పు పలుకుగా ఉడికించి పెట్టుకోండి. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, పసుపు వేసి, ఆకు వేసి మగ్గనిచ్చి, పప్పు, ఉప్పు, కారం, నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చింతపండు రసం వేసి దగ్గరపడేదాకా ఉంచండి. పిల్లలు మొదట మొహం ముడుస్తారు. నెయ్యి వేసి కలిపిస్తే తింటారు.

మీ వీధిలోనూ మొదలుపెట్టాలంటే నలుగురు చాలు. చందాలు, రసీదులు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, తెలిసిన ఒక పెద్ద మనిషి కావాలి. పల్లె నుంచి వచ్చి మీ ఇంట్లో పనిచేస్తున్నామెకో, కూరలమ్మే ఆమెకో ఎన్ని తెలుసో అడిగి చూడండి.

పక్క ప్లాటు పోయినేడు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు మంచివాళ్ళే. పునాది తీసేముందు ఒక ఆదివారం మాకు వదిలారు. పద్దెనిమిది మందిమీ కలిసి తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి, విష్ణుక్రాంత గింజలు ఏరుకున్నాం, చిన్న మొక్కల్ని మట్టితో సహా తవ్వి కుండీల్లోకి మార్చాం. పెద్దమ్మ పేరు చెబుతుంటే మా అమ్మాయి చీటీ మీద రాసి సీసాలకి అంటించింది. ఇప్పుడు అక్కడ మూడంతస్తుల పని నడుస్తోంది. మా డాబా మీద నాలుగు కుండీల్లో తుమ్మి ఉంది. ఈసారి చవితికి కూరకి సరిపోతుందో లేదో గానీ, గింజకి రెండు కుండీలు కొయ్యకుండా ఉంచాలని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.