లండన్–సిడ్నీ దారిలో మజిలీలు తీసేసిన ఫ్యాన్

లండన్ నుంచి సిడ్నీకి దగ్గరి దారిలో ఎగిరినా దాదాపు 17,000 కిలోమీటర్లు. 1919లో రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్కులను వెంటబెట్టుకుని విక్కర్స్ విమీ విమానంలో లండన్ శివార్ల నుంచి బయలుదేరితే, ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్ చేరడానికే 28 రోజులు పట్టింది. 1947లో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ వారి కాన్‌స్టలేషన్ విమానం డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో దిగుతూ సిడ్నీ నుంచి లండన్‌కు నాలుగు రోజుల్లో వెళ్ళేది. ఆ నాలుగు రోజుల్లో గాలిలో గడిచింది 55 గంటలే. తక్కిన కాలమంతా మజిలీలే తినేశాయి. ఊళ్ళ మధ్య ప్రయాణ కాలం తగ్గాలంటే విమానం వేగం పెరగాలని మనం సులువుగా అనుకుంటాం. జెట్ ఇంజను వచ్చిన తొలినాళ్ళలో అది నిజమే. కానీ 1958లో అట్లాంటిక్ దాటిన బోయింగ్ 707 వేగమూ, నేటి 787 వేగమూ గంటకు 900 కిలోమీటర్ల చుట్టుపక్కలే. ఈ అరవై ఏళ్ళలో ప్రయాణాన్ని కుదించింది వేగం కాదు, ఇంజను నేర్చుకున్న పొదుపు.

ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ 1937లో తొలిసారి తిప్పి చూసిన జెట్ ఇంజను, లోపలికి పీల్చిన గాలినంతా మంట గుండా పంపి మహావేగంతో వెనక్కి చిమ్మేది. వెనక్కి నెట్టిన గాలి ఎంత, దాని వేగం ఎంత అన్న రెండిటి లబ్ధం మీద విమానాన్ని ముందుకు నెట్టే తోపు ఆధారపడుతుంది. కానీ ఆ గాలి పట్టుకుపోయే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే రెట్టింపు గాలిని సగం వేగంతో నెడితే తోపు అంతే ఉంటుంది, గాలిలో వృథాగా కలిసిపోయే శక్తి మాత్రం సగానికి పడిపోతుంది. టర్బోఫ్యాన్ ఇంజను పుట్టుక ఈ చిన్న లెక్కలోనే ఉంది. ముందున్న పెద్ద ఫ్యాన్ చాలా గాలిని మంట జోలికి పోనివ్వకుండా పక్కనుంచే వెనక్కి తోస్తుంది. 787 ఇంజన్లలో ఒక పాలు గాలి లోపలికి వెళితే, సుమారు తొమ్మిది పాళ్ళు పక్కగా పోతాయి. అలా మిగిలిన ఇంధనంతో విమానం మధ్యలో దిగకుండా మరింత దూరం పోగలదు.

మరి కాంకర్డ్ మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగిరే ఆ విమానం 1985లో లండన్ నుంచి సిడ్నీకి 17 గంటల 3 నిమిషాల్లో చేరింది. దాని ఇంజన్లు ఇంధనాన్ని విపరీతంగా తాగేవి, అందుకే దారిలో పదేపదే దిగక తప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత క్వాంటాస్ వారి 747-400 అదే దారిని ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో దాటింది. సగం కంటే తక్కువ వేగంతో వెళ్ళిన విమానం వెనకబడింది కేవలం మూడు గంటలే! అయితే అందులో మామూలు ప్రయాణికులు లేరు, ప్రత్యేకమైన ఇంధనం నింపారు, ఇంధనం మిగలడానికి రన్‌వే దాకా లాక్కెళ్ళారు కదా అంటే, ఆ అభ్యంతరమూ ఒప్పుకోవలసిందే. దానికి జవాబు 2018లో దొరికింది. టికెట్లు కొన్న ప్రయాణికులతోనే 787 విమానం ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి లండన్‌కు 14,498 కిలోమీటర్లు సుమారు 17 గంటల్లో ఏకబిగిన ఎగిరింది. ఇక మిగిలిన సిడ్నీ కోసం క్వాంటాస్ 2022లో ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు ఆర్డరు పెట్టింది. వాటికి అదనంగా కోరింది వేగం కాదు, 20,000 లీటర్ల ఇంధనపు ట్యాంకు.