సినిమా నీడ దాటిన పాట

‘చౌరస్తా’ ఉర్దూ నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. నాలుగు దారులు కలిసే చోటని దాని అర్థం. హైదరాబాదులో కొందరు యువకులు తమ సంగీత బృందానికి ఈ పేరే పెట్టుకున్నారు. ఆ బృందం ద్వారా ప్రసిద్ధుడైన గాయకుడు రామ్ మిర్యాల.

మన దేశంలో చాలాకాలంగా పాట అనగానే సినిమాపాటే స్ఫురిస్తుంది. అందులో కథ ఒకరిది, సందర్భం మరొకరిది. సందర్భాన్ని బట్టి బాణీ, బాణీని బట్టి మాట పుడతాయి. స్వతంత్ర గాయకునికి ఈ కట్టుబాటు లేదు. తన అనుభవమే అతనికి సందర్భం. అయితే పెట్టుబడీ, నష్టమూ కూడా అతనివే. 1975లో కలకత్తాలో గౌతమ్ చటోపాధ్యాయ మిత్రులతో కలిసి స్థాపించిన ‘మోహినేర్ ఘోరాగులి’ బృందం బావుల్ గానాన్ని రాక్ సంగీతంతో మేళవించింది. చౌరస్తా బృందం సాగినదీ అటువంటి బాటే. గిటారు, డ్రమ్ముల నడుమ పల్లెపదం పలికించడం వారి ప్రత్యేకత.

వారి ‘ఊరెళ్ళిపోతా మామా’ పాట పట్నంలో ఇమడలేక సొంత ఊరికై తపించే మనిషి గోడు. వేరుశనగ పంట ఎండి బెంగుళూరు బస్సెక్కిన వారిని ఎరిగిన ముదిగుబ్బ ప్రాంతీయులకు ఆ గోడును వివరించనక్కరలేదు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు చేయి చేయి కలపవద్దని ఈ బృందం పాడిన పాట ఇంటింటా వినిపించింది.

తరువాత సినిమాయే ఆ గొంతును వెదుక్కుంటూ వచ్చింది. 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలోని చిట్టి పాట రామ్ మిర్యాలకు విశేషమైన పేరు తెచ్చింది. 2022లో ‘డీజే టిల్లు’ చిత్రానికి కాసర్ల శ్యామ్ రచించిన పాటకు ఆయనే బాణీ కట్టి, ఆయనే పాడారు. సినిమాకు వెలుపల పెరిగిన గొంతు తన యాసను, ఒడుపును వదలకుండానే సినిమాలోనికి ప్రవేశించింది. ఇది గమనింపదగిన విషయం.

పాట కట్టేవారు ఎరుగవలసిన విషయం మరొకటి ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. సినిమాకు ఇచ్చిన పాటను సినిమాహాలులో కాక ఇతరత్రా వాడుకున్నప్పుడు కవికి, స్వరకర్తకు రాయల్టీలో వాటా పొందే హక్కు ఉంది. ఆ హక్కును వారు వదులుకుంటున్నట్లు వ్రాయించుకున్నా అది చెల్లదు. సంతకం చేసేముందు కాగితం చదవడం కూడా కళాకారుని సాధనలో భాగమే.

విద్యార్థి మిత్రులారా! మన సీమకు పాట కొత్త కాదు. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగలో హిందువులు, ముస్లిములు కలిసి అడుగు వేస్తారు. చెక్కభజనలో మన పల్లెల లయ నేటికీ పలుకుతున్నది. మన తరగతులలో ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే కూర్చుంటాయి. ఇదీ ఒక చౌరస్తాయే. మన యాస మోటుదని సిగ్గుపడి ఇతరులను అనుకరించిన నాడు మన పాట మనకే పరాయిదవుతుంది. కళాశాల వార్షికోత్సవ వేదికపై ప్రతి యేటా వినిపించే సినిమాపాటల నడుమ, మన విద్యార్థి స్వయంగా కట్టిన పాటకు కనీసం ఒక్కదానికి చోటు కల్పించవలసిందిగా కళాశాల సంఘం పెద్దలకు మా మనవి.