గొట్టం పట్టే చేయి, గొట్టం కడిగే చేయి

నోటి గుండా కడుపులోకి సన్నని కెమెరా గొట్టాన్ని పంపి, పుండును కళ్లారా చూసి, కారుతున్న నెత్తురును కత్తిగాటు లేకుండా అక్కడికక్కడే ఆపగలగడం ఆధునిక వైద్యం సాధించిన విజయాల్లో ఒకటి. ఈ జీర్ణకోశ ఎండోస్కోపీ విద్యలో హైదరాబాద్‌కు అంతర్జాతీయ ఖ్యాతి ఉంది. ఈ రంగంలో అగ్రగణ్యుడైన డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇతర దేశాల వైద్యులు సైతం ఇక్కడికి వచ్చి ఈ పని నేర్చుకుని వెళ్తున్నారు. తెలుగు సమాజం గర్వించదగిన విషయమే ఇది. అయితే ఆ గర్వంతో పాటు ఒక ప్రశ్న కూడా వేసుకోవాలి. ప్రపంచానికి నేర్పుతున్న ఈ విద్య మన సమాజంలో ఏ మెట్టు దాకా దిగింది? ఆ గొట్టాన్ని పట్టే చేయి ఎవరిది, కడిగే చేయి ఎవరిది?

ఎండోస్కోపీ పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. దాని చరిత్రే అందుకు సాక్ష్యం. 1868లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్ బతికున్న మనిషి కడుపులోకి తొలిసారి గొట్టం దింపి చూసినప్పుడు అందుకు సహకరించినవాడు కత్తులు మింగే ప్రదర్శనలిచ్చే ఒక వృత్తి కళాకారుడు. బిరుసు గొట్టాన్ని గొంతు దాటించడం ఎలాగో ఆ కళాకారుడి దేహానికి తెలుసు. ఆ తరువాత 1954లో పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి గాజు నారల కట్ట ద్వారా బొమ్మను వంపులు తిప్పి పంపవచ్చని నిరూపించారు. దాని ఆధారంగా 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ బృందం వంగే ఎండోస్కోప్‌ను వాడుకలోకి తెచ్చింది. వీధి కళాకారుడి గొంతు, భౌతిక శాస్త్రవేత్త గాజు నార, వైద్యుడి చేయి కలిస్తేనే ఈ సాధనం పుట్టింది.

చేతి పనితో ముడిపడిన జ్ఞానాన్ని మన వర్ణ వ్యవస్థ ఎలా చూసిందో అందరికీ తెలుసు. చికిత్స చేసేవాడి ఇంట అన్నం తినరాదని మనుస్మృతి నిషేధించింది. దేహాన్ని, నెత్తురును, చీమును తాకక తప్పని వైద్యుడిని ధర్మశాస్త్రాలు మైల పడినవాడిగా లెక్కగట్టడం వల్లనే ప్రాచీన భారతంలో వైద్య విజ్ఞానం కుంటుపడిందని దేబీప్రసాద్ చటోపాధ్యాయ సుదీర్ఘంగా వాదించారు. మన పల్లెల్లో గడ్డ కోసి కట్టు కట్టింది మంగలి, పురుడు పోసింది మంత్రసాని. వారి నేర్పును ఊరు వాడుకుంది కానీ దానిని విద్యగా ఒప్పుకోలేదు. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో పండిట్ మధుసూదన్ గుప్తా శవచ్ఛేదన చేసినందుకు చరిత్రలో నిలిచారు. తరతరాలుగా శవాలను మోసి, శుభ్రం చేసి, శవాగారాలలో పనిచేసిన డోమ్ కులస్తుల పేరు ఒక్కటీ ఆ చరిత్రలో చేరలేదు. తాకడం అగ్రకులానికి సాహసమైంది. అదే తాకడం అంటరాని కులానికి విధి అయింది. ఈ తేడాను మనసులో ఉంచుకుని నేటి ఎండోస్కోపీ గదిలోకి తొంగిచూడాలి.

ఈ నైపుణ్యం సంఖ్యలతో, సాన్నిహిత్యంతో వస్తుంది. శిక్షణలో ఉన్న వైద్యుడి సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ముందే ఎగువ జీర్ణకోశ పరీక్షలు కనీసం 130, పెద్దపేగు పరీక్షలు 140, పైత్యరస నాళంలోకి వెళ్లే ఇఆర్‌సిపి ప్రక్రియలు 200 చేసి ఉండాలని అమెరికా ఎండోస్కోపీ సంఘం సూచించింది. తరువాతి అధ్యయనాలు పెద్దపేగు పరీక్షకు ఆ సంఖ్య కూడా చాలదన్నాయి. అంటే గురువు పక్కన నిలబడి, ఆయన గొట్టాన్ని చేతికిచ్చి, తప్పు జరగబోతే అందుకుని, మళ్లీ చేతికివ్వాలి. ఇలా వందల సార్లు జరగాలి. ఎవరికి ఎన్ని కేసులు ఇవ్వాలన్నది గురువు నమ్మకం మీద, ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఆ నమ్మకం ఎవరి మీద సులువుగా కుదురుతుంది? ఇంటిపేరు, మాట యాస, తండ్రి వృత్తి, ఏ కోటాలో సీటు వచ్చిందన్న గుసగుస ఇవేవీ ఆ గది బయట ఆగిపోవు. ప్రవేశ పరీక్షలోని బహుళైచ్ఛిక ప్రశ్నలు ఈ చేతి నేర్పును కొలవలేవు. అయినా ప్రతిభ పేరిట తలుపు దగ్గర నిలబడేది ఆ పరీక్షే.

ఎంబీబీఎస్‌లో రిజర్వేషన్ ఉంది. ఎండీలో ఉంది. జీర్ణకోశ వ్యాధుల నిపుణుడిని తయారుచేసే డీఎం దగ్గరికి వచ్చేసరికి లేదు. మండల్ కేసుగా పేరొందిన 1992 నాటి ఇందిరా సాహ్నీ తీర్పు సూపర్ స్పెషాలిటీ పోస్టులను రిజర్వేషన్ తగని వాటి జాబితాలో చేర్చింది. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అత్యున్నత స్థాయి వైద్య విద్యలో ప్రతిభకే పట్టం కట్టాలంది. ఎయిమ్స్ అధ్యాపక పోస్టులపై 2013లో వచ్చిన తీర్పు అదే బాటలో నడిచింది. తెలుగు రాష్ట్రాల సూపర్ స్పెషాలిటీ సీట్ల స్థానికతపై 2015లో వచ్చిన సందీప్ కేసులో సుప్రీంకోర్టు 371-డి అధికరణ కల్పించిన ఏర్పాటును కదిలించలేదు. కానీ జాతి ప్రయోజనాల రీత్యా ఉన్నత విద్య రిజర్వేషన్లకు అతీతంగా ఉండాలన్న ఆకాంక్షను మాత్రం వ్యక్తం చేసింది. ఈ తీర్పులన్నిటి వెనుక ఒకే ఊహ ఉంది. మెట్లు ఎక్కేకొద్దీ కులం అరిగిపోతుందని, ఎండీ పూర్తిచేసిన దళిత వైద్యురాలు, మూడో తరం వైద్య కుటుంబపు బిడ్డ ఒకే గీత దగ్గర నిలబడతారని ఆ ఊహ. అప్పు తీర్చడానికి ఉద్యోగంలో చేరక తప్పనివారికి, రెండేళ్లు ఇంట్లో కూర్చుని కోచింగ్ తీసుకోగలిగినవారికి ఆ గీత ఒకటే ఎలా అవుతుంది?

పోనీ, ఆ ప్రతిభ అయినా కదలని కొలబద్దా? 2023లో పీజీ సీట్లు మిగిలిపోతుంటే నీట్ పీజీ అర్హతను కేంద్రం సున్నా పర్సంటైల్‌కు దించింది. సీట్లు ఖాళీగా పోరాదన్న కారణం సబబుగానే కనిపించవచ్చు. కానీ సడలింపు ఫలం ఎక్కువగా దక్కేది లక్షల ఫీజు చెల్లించగలిగినవారికే. డబ్బు కోసం కిందికి దిగగలిగిన కొలబద్ద సామాజిక న్యాయం కోసం అంగుళం దిగినా ప్రమాణాలు పడిపోతాయని గగ్గోలు పెట్టడంలో తర్కం లేదు. అందులో ఉన్నది అలవాటైన ఆధిపత్యమే.

కళాశాల దాటిన తరువాతి శిక్షణ సంగతీ అంతే. కొత్త పద్ధతులు నేర్పే కార్యశాలలు, స్వల్పకాలిక ఫెలోషిప్‌లు అధికంగా పెద్ద నగరాల్లోని కార్పొరేట్ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతాయి. రుసుము, ప్రయాణం, నగరంలో బస, ఆ కాలానికి కోల్పోయే జీతం కలిపి లెక్కేస్తే మారుమూల ప్రభుత్వ వైద్యుడికి అవి అందవు. వీడియో పాఠాలు, సిమ్యులేటర్లు వచ్చాయి. కళ్లకు అవి చాలా నేర్పుతాయి. చేతికి మాత్రం రోగి, గురువు ఉండాల్సిందే.

గొట్టం కడిగే చేతి సంగతి ఇంకా లోతైనది. ఒక పరీక్ష ముగిశాక ఎండోస్కోప్‌ను వెంటనే తుడవాలి, లోపలి నాళంలో శుద్ధి ద్రవం పీల్పించాలి, లీకు ఉందేమో చూడాలి, సన్నని బ్రష్‌తో ప్రతి నాళాన్నీ తోమాలి, క్రిమిసంహారక ద్రావణంలో నిర్ణీత సమయం ముంచాలి, కడిగి ఆరబెట్టాలి. ఇందులో ఒక్క అడుగు తప్పినా ఒకరి క్రిములు మరొకరి ఒంట్లోకి వెళ్తాయి. ఇఆర్‌సిపికి వాడే గొట్టం కొసన ఉండే చిన్న మీట సందుల్లో క్రిములు దాగి, మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్లను వ్యాపింపజేశాయని 2015లో అమెరికాలో పెద్ద దుమారమే రేగింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికలు జారీ చేయవలసి వచ్చింది. అంటే కడగడం వైద్యంలో భాగమే. అయితే మన ఆసుపత్రుల్లో ఈ పని చాలాచోట్ల ఎవరి మీద పడుతోంది? ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద చేరిన, పని చూసి పని నేర్చుకున్న, చాలీచాలని జీతానికి పనిచేసే కార్మికుల మీద. మన ఆసుపత్రుల పారిశుద్ధ్య విధుల్లో మాదిగ, మాల, రెల్లి కులాల స్త్రీ పురుషులే ఎందుకు అధికంగా కనిపిస్తారో వేరే చెప్పనక్కరలేదు. గ్లుటరాల్డిహైడ్ ఆవిరి కళ్లు మండిస్తుంది, ఊపిరితిత్తులను ఇబ్బంది పెడుతుంది. గాలి ఆడని గదిలో దాన్ని రోజంతా పీల్చేదీ వారే. కులం పనిని పంచడంతో ఆగదని, పనిచేసేవారినే అంతస్తులుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే విశ్లేషించారు. ఎండోస్కోపీ గదిలో ఆ అంతస్తులు నేటికీ చెక్కుచెదరలేదు.

ఇది మారదా? మారుతుందని బ్రిటన్ చూపింది. అక్కడ 1994లో ఏర్పడిన సంయుక్త సలహా మండలి ఎండోస్కోపీ శిక్షణకు ప్రమాణాలు రూపొందించింది. శిక్షణార్థి చేసిన ప్రతి పరీక్ష నమోదవుతుంది. పక్కన నిలబడి చూసిన నిపుణుడు నిర్ణీత పట్టికలో అంచనా రాస్తాడు. మరీ ముఖ్యంగా, డాక్టర్ పట్టా లేని నర్సులు సైతం ఇదే శిక్షణ పొంది సొంతంగా ఎండోస్కోపీలు, పెద్దపేగు పరీక్షలు చేస్తున్నారు. పట్టా కంటే చేతి నేర్పుకే అక్కడ విలువ. మన దేశంలోనూ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎండోస్కోపీ టెక్నాలజిస్టులను తన జాబితాలో చేర్చింది. చట్టంలో పేరు ఎక్కింది. పాఠ్య ప్రణాళిక, నమోదు, వేతన శ్రేణి, పదోన్నతి కింది దాకా రావాలి.

ఇదంతా వైద్యుల కొలువుల తగాదా అనుకుంటే పొరపాటు. కాలేయం చెడి అన్నవాహికలో ఉబ్బిన నరం పగిలితే మనిషి నెత్తురు కక్కుకుంటాడు. ఆ నరానికి ఎండోస్కోపీ ద్వారా రబ్బరు పట్టీ వేస్తే బతుకుతాడు. ఆ పని తెలిసిన చేయి జిల్లా కేంద్రంలో లేకపోతే అతడు నగరానికి వెళ్లే దారిలో ఉంటాడు. అలా దారిలో ఉండేవారిలో అత్యధికులు ఏ పేటల నుంచి, ఏ తండాల నుంచి వస్తారో ఊహించడం కష్టం కాదు. తమ ఊళ్లకు తిరిగి వచ్చి పనిచేసే నిపుణులు కావాలంటే ఆ ఊళ్ల బిడ్డలకు ఆ విద్య అందాలి.

తక్షణం చేయదగినవి ఉన్నాయి. తమిళనాడు సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం ప్రభుత్వ సర్వీసు వైద్యులకు కేటాయిస్తే, దానిని కొనసాగించడానికి 2022లో సుప్రీంకోర్టు అనుమతించింది. తెలుగు రాష్ట్రాలు ఈ మార్గాన్ని పూర్తిగా వినియోగించుకుని, గిరిజన, వెనుకబడిన ప్రాంతాల్లో పనిచేసినవారికి అందులో ప్రాధాన్యం ఇవ్వాలి. ఉస్మానియా, నిమ్స్, విశాఖ కింగ్ జార్జ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో జిల్లా వైద్యులకు జీతంతో కూడిన ఎండోస్కోపీ శిక్షణ కేంద్రాలు నెలకొల్పాలి. ఏ శిక్షణార్థికి ఎన్ని కేసులు దక్కాయో సామాజిక వర్గాల వారీగా ఏటా ప్రకటించాలి. గొట్టం కడిగేవారిని కాంట్రాక్టు కూలీలుగా ఉంచకుండా, శిక్షణ ఇచ్చి టెక్నాలజిస్టులుగా ఎదిగే దారి వేయాలి. సూపర్ స్పెషాలిటీలో రిజర్వేషన్ తగదన్న పాత ఊహను పార్లమెంటులోనూ న్యాయస్థానాల్లోనూ ఆధారాలతో సవాలు చేయాలి. ఈ ఆధారాలు సేకరించే పని విశ్వవిద్యాలయాల్లోని పరిశోధక విద్యార్థులు చేపట్టవచ్చు.

కడుపులోపల గోడలన్నీ ఒకే రంగులో ఉంటాయి. ఎండోస్కోప్ తెర మీద ఏ కులపు పేగూ వేరుగా కనిపించదు. ఆ తెర ముందు నిలబడే హక్కును మాత్రం ఇంకా పుట్టుకే పంచుతోంది. చికిత్స చేయవలసిన జబ్బు అదే.